కాచిగూడ స్టేషన్ ఎవరు కట్టిన్రు? బిడ్డ అడిగింది, నాకు జవాబు రాలేదు

బాదేపల్లి_శీను
22 ఏండ్ల సంది జడ్చర్ల నుంచి కాచిగూడకు రైల్ల తిరుగుతున్న. పొద్దున దిగుడు, ఉరుకుడు, రాత్రి మళ్ళ ఉరికొచ్చి ఎక్కుడు. పోయిన ఆదివారం మా బిడ్డను కంటి డాక్టరుకు చూపిద్దామని తోల్కపోయిన. తొమ్మిదో తరగతి. బయటికొచ్చి నేను ఆటో మాట్లాడుతుంటే అది కదలకుంట వెనక్కి తిరిగి నిలబడ్డది. "నాయినా, ఇది మొదలు మసీదా? తర్వాత స్టేషన్ జేసిన్రా?" అన్నది. నేను గూడ తిరిగి సూసిన. నడుమ పెద్ద గుమ్మటం, అటూ ఇటూ చిన్నయి, మినార్ల తీరు బురుజులు, కొస తేలిన కమాన్లు. ఇన్నేండ్లల్ల ఒక్కసారి గూడ తలెత్తి సూడలే నేను.

"నిజాం కట్టించిండు బిడ్డా" అన్న. "ఏ నిజాం? ఎవరు గీసిన్రు? దేంతోని కట్టిన్రు?" అని మూడు ప్రశ్నలేసింది. ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చి ఫోన్ల సూస్తే ఎక్కడ సూసినా ఒకటే మాట, గోథిక్ శైలి, 1916. గోథిక్ అంటే చర్చిల తీరు గద? మరి గుమ్మటాలెందుకున్నయి? ఇంకోటి, సికింద్రాబాద్ స్టేషన్ ముందల భాగం 2025 ఫిబ్రవరిల కూలగొట్టిన్రు. దీనికి గూడ అదే గతి పడ్తదా అని గుబులైతుంది. తెలిసినోళ్ళు జర విడమర్చి చెప్పున్రి. బిడ్డ బడి ప్రాజెక్టుకు రాస్త అంటుంది, తప్పు రాయనియ్యద్దు.

గద్వాల_గడుసోడు
మా నడిగడ్డోళ్ళకు కాచిగూడ అంటే దిగంగనే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్. గుమ్మటం ఉన్నట్టు నువ్వు చెప్పినంకనే యాదికొచ్చింది శీనన్నా.

కోయిలకొండ_చదువరి
మూడు ప్రశ్నలకూ జవాబులున్నాయి, వరుసగా చెప్తా. గ్రూప్స్ కోసం నాలుగేళ్ళుగా తెలంగాణ చరిత్ర చదువుతున్నాను, ఇది నాకు ఇష్టమైన టాపిక్.

ఏ నిజాం అంటే ఏడో నిజాం, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. 1911లో గద్దెనెక్కాడు. ఆయన తండ్రి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. 1890లో మన పాలమూరుకు మహబూబ్‌నగర్ అని పేరు పడింది ఆయన మీదనే. అంటే పాప ఎక్కే స్టేషను తండ్రి పేరు ఉన్న జిల్లాలో, దిగేది కొడుకు కాలంలో కట్టింది.

గీసింది విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లిష్ ఆర్కిటెక్ట్. హైదరాబాద్ రాకముందు కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ కడుతుంటే దగ్గరుండి చూసుకున్నాడు. ఆ డిజైన్ విలియం ఎమర్సన్‌ది, పని చేయించింది ఎష్. కలకత్తాలోనే బెంగాల్ నాగపూర్ రైల్వే ఆఫీసు కూడా ఆయన గీసిందే, అంటే రైల్వేల పని కొత్త కాదు. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్‌ను మళ్ళీ కట్టుకుంటున్న రోజులవి. నిజాం పిలిస్తే 1914లో వచ్చాడు. హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆస్పత్రి, ఈ మూడు పేర్లూ అందరికీ తెలుసు. కాచిగూడ వాటికంటే ముందు. ఆ నాలుగింటిలోనూ ఎష్ చెయ్యి ఉందని పాప ప్రాజెక్టులో రాయమనండి.

నల్లగొండ_నర్సన్న
చదువరి తమ్మీ, మస్తు చెప్పినవ్. కానీ 1914 అంటవ్, శీనన్న 1916 అంటడు. ఏది రాయాలె?

కోయిలకొండ_చదువరి
రెండూ నర్సన్నా. డిజైన్, పని మొదలు 1914. స్టేషన్ తయారైంది 1916. అదే 1916లో సికింద్రాబాద్-గద్వాల మీటర్ గేజి లైను కూడా పడింది. మన లైనూ ఆ స్టేషనూ ఈడుజోడు.

కాంక్రీటు_మక్తల్
దేంతోని కట్టిన్రు అన్న ప్రశ్నను చదువరి దాటేసిండు. అది నాకు ఇడిసిపెట్టున్రి. సివిల్ పని నాది, 17 ఏండ్లు అయితుంది.

అందరూ డంగు సున్నం, రాయి అనుకుంటరు. కాదు. కాచిగూడ ఆర్‌సీసీ. అదీ ప్రీకాస్ట్. కింద అచ్చులు జేసి, ఇనుప చువ్వలు పెట్టి, కాంక్రీటు పోసి, గట్టిపడినంక ఆ ముక్కలు తెచ్చి బిగించుడన్నట్టు. ఇప్పుడు మెట్రోకు, ఫ్లైఓవర్లకు ఎట్ల జేస్తున్నరో అదే పద్ధతి. 1914ల! అప్పటికి మన దిక్కు పెద్ద పెద్ద మేస్త్రీలు గూడ సిమెంటును నమ్మకపోదురు. మా తాత మేస్త్రీనే. బెల్లం నీళ్ళు, కరక్కాయ కలిపి సున్నం నూరకుంట గోడ లేపితే అది గోడనే కాదనేటోడు.

బురుజుల మీద, కమాన్ల మీద ఉన్న నగిషీ గురించి ఆలోచించున్రి. రాతిల చెక్కాలంటే ఒక్కో పువ్వుకు ఒక్కో శిల్పి కూసోవాలె. అచ్చుల పోస్తే ఒక్క అచ్చు మంచిగ చెక్కించుకుంటే సాలు, ఎన్ని కావాల్నంటే అన్ని. మొఘల్ పనితనం కొత్త కాలపు సరుకుల పోసిండు ఎష్. నాకు అన్నిటికంటె గొప్పగ అనిపించేది గదే.

బాదేపల్లి_శీను
ఇది నేను ఎన్నడు ఇనలే మక్తలన్నా. మా బిడ్డకు సదివి వినిపిస్తే "అయితే అది మన ఇంటి స్లాబుకు తాతనా" అన్నది.

కాంక్రీటు_మక్తల్
తాతనే. మంచిగ చెప్పింది బిడ్డ.

పాత_బొమ్మల_పెట్టె
గోథిక్ సంగతికి వస్తా. ఫోటోలు తీస్తుంటాను, ఈ స్టేషన్‌ను ఎన్నోసార్లు తీశాను. గోథిక్ అనే మాట ఎక్కడినుంచి వచ్చి ఉంటుందో కళ్ళతో చూస్తే తెలుస్తుంది. ఆ కొస తేలిన కమాను యూరప్ చర్చిల్లోనూ ఉంటుంది, మన మసీదుల్లోనూ ఉంటుంది. ఒక్క కమానును చూసి ఎవరో గోథిక్ అన్నారు, అందరూ అదే రాశారు. కమాను నుంచి కన్ను పైకి జరపండి. గుమ్మటం, ఛత్రీలు (స్తంభాల మీద నిలబెట్టిన చిన్న గుమ్మటాలు), మినార్లు, కిందికి నీడ పడేసే సజ్జ. గోథిక్ చర్చికి మామూలుగా ఇవి ఉండవు. దీన్ని ఇండో-సారసెనిక్ అంటారు, అంటే పాశ్చాత్య పద్ధతి ప్లాను మీద మొఘల్, దక్కనీ రూపం. చార్మినార్ చూసి, కుతుబ్‌షాహీ సమాధులు చూసి కాచిగూడ ముందు నిలబడితే చుట్టరికం కనబడుతుంది.

నల్లగొండ_నర్సన్న
ఒప్పుకోను సార్. ప్రభుత్వం పుస్తకాలల్ల గూడ గోథిక్ అనే ఉన్నది. అన్నీ తప్పయితయా?

పాత_బొమ్మల_పెట్టె
నర్సన్నా, పుస్తకం పక్కన పెట్టి ఒక పని చేయండి. గోథిక్ కట్టడం చూడాలంటే దూరం ఎందుకు, మెదక్ చర్చికి పోండి. 1924లో పూర్తయింది. ఆ నిట్టనిలువు శిఖరం, రంగుటద్దాల కిటికీలు చూసి నేరుగా కాచిగూడకు రండి. రెండూ ఒకే శైలి అని మీకే అనిపిస్తే నేను మాట వెనక్కి తీసుకుంటా.

నల్లగొండ_నర్సన్న
మెదక్ పోయిన. 18 ఏండ్ల కింద, క్రిస్మస్ నాడు. ఆ కొస, ఆ ఎత్తు యాది ఉన్నది. మీ మాట కొంచెం నిజమే అనిపిస్తుంది.

షాద్‌నగర్_డైలీ
అందరూ గుమ్మటాల గురించే మాట్లాడుతున్నరు, నాకు కోపం వస్తుంది. రోజూ ప్రయాణం జేసేటోనికి శైలి ఏం తిండి పెడ్తది? మా అమ్మకు మోకాళ్ళ నొప్పి. రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తదో తెలియక మెట్లెక్కి దిగేసరికి ఆమెకు ప్రాణం పోతది. పాతది తీసేసి ప్లాట్‌ఫారాలు పెంచితే నేనైతే దండం పెడ్త. సికింద్రాబాద్ కట్టినంక ఎట్ల ఉంటదో సూడున్రి. 700 కోట్ల పైన పెడుతున్నరు. పాతది పాతదే అని ఏడ్చుకుంట కూసుంటే ఊరు ముంగటికి పోదు.

కాంక్రీటు_మక్తల్
తమ్మీ, అమ్మ నొప్పి నిజం, దాన్ని ఎవరూ కాదనరు. కానీ ప్లాట్‌ఫారాలు పెంచనీకి ఆ భవనం ఎక్కడ అడ్డమొచ్చింది? అది పట్టాల పక్కన ముఖం తీరు ఉన్నది. లిఫ్టు, ఎస్కలేటర్ పెట్టేది ప్లాట్‌ఫారాల మీద. ముఖం కోస్తె మోకాలు నొప్పి పోతదా?

షాద్‌నగర్_డైలీ
మాట మంచిగనే ఉన్నది కానీ జనం పెరిగిన్రు గదా అన్నా. టికెట్ కౌంటర్ల కాడ నిలబడే జాగ ఉండదు పండుగలప్పుడు.

పాత_బొమ్మల_పెట్టె
జనం పెరిగితే కొత్త స్టేషన్ కట్టొచ్చు, కట్టారు కూడా. చర్లపల్లి టెర్మినల్ 2025 జనవరిలో మొదలైంది. 413 కోట్లు. కొత్తది కొత్తచోట, పాతది పాతచోట. ఈ పద్ధతిలో ఎవరికీ నష్టం లేదు.

అలంపూర్_రోడ్
చర్లపల్లి పేరు ఎత్తొద్దు సార్. అలంపూర్ నుంచి వచ్చేటోళ్ళకు అది ఇంకో ఊరు.

టోకెన్_తాత
ఇన్ని పోస్టులు సదివిన, ఇగ రాయకుంట ఉండబుద్ధి కాలే. మా నాయిన పాయింట్స్‌మన్, స్టేషన్ల రైలు పట్టాలు మార్చేటోడు. నేనూ రైల్వేలనే జేసి దిగిన. దేవరకద్ర దిక్కు మాది.

మీరంతా సూసేది బ్రాడ్ గేజి కాచిగూడ. నేను ఎరిగింది మీటర్ గేజి కాచిగూడ. పట్టాల నడుమ సరిగ్గ మీటరు. ఇప్పటిది 1,676 మిల్లీమీటర్లు. జనం చిన్న రైలు అందురు. చిన్న రైలు అంటరు గానీ కాచిగూడల ఎక్కితే జైపూర్ దాకా పోవు, మీనాక్షి ఎక్స్‌ప్రెస్. మన్మాడుకు అజంతా ఎక్స్‌ప్రెస్. ఇటు మన దిక్కు కర్నూలు, ద్రోణాచలం. రాత్రిపూట ప్లాట్‌ఫారం మీద రాజస్థాన్ పగిడీలు, మరాఠోళ్ళ టోపీలు, మన పాలమూరు గొంగళ్ళు పక్కపక్కన పండుకొని ఉండేటియి.

టోకెన్ అంటే ఏందో ఇప్పటి పిల్లలకు తెల్వదు. ఒకటే పట్టా, రెండు దిక్కుల నుంచి రైళ్ళు. ఎదురెదురు రావద్దంటే ఎట్ల? రెండు స్టేషన్లల్ల రెండు మిషన్లు, వాటి నడుమ తీగ. ఒక మిషన్ల నుంచి ఇనుప గుండు ఒక్కటి బయటికి తీస్తే రెండో గుండు రానే రాదు, అవతలి స్టేషన్ మిషన్ల దీన్ని వేసేదాక. ఆ గుండు డ్రైవర్ చేతిల ఉంటేనే బండి కదలాలె. ఆగని బండైతే మా నాయిన గుండును తోలు సంచిల పెట్టి, ఆ సంచి ఉన్న పెద్ద బెత్తం రింగు పట్టుకొని పట్టాల పక్కన చెయ్యి సాపి నిలబడేటోడు. రాత్రి ఒక చేతుల కాగడా. ఫైర్‌మన్ కిందికి వంగి చెయ్యి రింగుల దూర్చి గుంజుకొని పోయేటోడు. నాయిన మోచేతి మీద రింగు కొట్టుకున్న గీత సచ్చేదాక పోలే.

90లల్ల మా లైను బ్రాడ్ గేజి జేసిన్రు. మీటర్ గేజి పట్టాలు పీకి కుప్ప పోస్తుంటే మా నాయిన అన్నం తినలే ఆ రోజు.

బాలానగర్_సీతాఫలం
తాతా, మీ నాయిన మా అమ్మను ఎన్నిసార్లు చూసిండో. మాది బాలానగర్. సీతాఫలాలకు ఊరు పేరే పెట్టిన ఊరు మాది. సీజన్‌ల అమ్మ చీకట్లనే లేచి గంపల ఆకు పరిచి కాయ పేర్చేది. కన్ను విచ్చిన కాయ ఒకటి, గట్టి కాయ ఒకటి. పండు కింద పడితే నలుగుతదని గట్టియి అడుగున, విచ్చినయి పైన. ఫస్ట్ పాసింజర్‌ల కాచిగూడకు. గంప తలుపు కాడ పెట్టుకొని తను మెట్ల మీద కూసునేది. నేను ఏడేండ్లదాన్ని, గంపకు ఆనుకొని నిద్ర పోయేదాన్ని. నా ఒళ్ళంతా సీతాఫలం వాసనే.

కాచిగూడల దిగినంక ఆ పెద్ద వరండా నీడల గంపలన్నీ దించి, చీర కొంగుతో మొఖం తుడుచుకొని, మళ్ళ తలకెత్తుకునేటోళ్ళు. ఆ నీడ ఎంత సల్లగ ఉండెనో నాకు ఇప్పటికీ తెలుసు. షాద్‌నగర్ తమ్మీ, శైలి ఏం తిండి పెడ్తది అన్నవు గదా. మా అమ్మకు ఆ సజ్జ కింద అరగంట నీడ పెట్టింది.

షాద్‌నగర్_డైలీ
అక్కా, ఆ మాట ఇగ అనను.

గద్వాల_గడుసోడు
అక్కా ఇప్పుడు సీజనా? రెండు గంపలు పంపు, అందరం గొడవ పడకుంట తింటం.

బాలానగర్_సీతాఫలం
దసరా అప్పుడు రా తమ్మీ. గింజలు ఉమ్మకుంట తినుడు నేర్చుకొని రా.

కోయిలకొండ_చదువరి
అక్క చెప్పిన దానికి ఇంకో పక్క కూడా ఉంది. ఆ స్టేషన్ కట్టినప్పుడు పరదా పాటించే ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా ఏర్పాటు చేశారు. బండి దిగి ఎవరి కంటా పడకుండా నేరుగా రైలు పెట్టెలోకి పోవడానికి. ఒకే స్టేషన్. ఒకరు ఎవరికీ కనబడకుండా ఎక్కేవారు, అక్క వాళ్ళమ్మ గంపతో తలుపు దగ్గర మెట్ల మీద కూర్చుని వచ్చేది.

ఇంకోటి, నిజాం కట్టించాడు అనే మాటను కొంచెం సవరించుకోవాలి. 1916 నాటికి రైల్వే పేరు నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ గ్యారంటీ అనే మాటకు అర్థముంది. నడిపేది లండన్ కంపెనీ. వాటాదారులకు వడ్డీ తగ్గితే ఆ లోటు నిజాం ఖజానా నుంచి నింపుతామని హామీ. లాభం వాళ్ళది, పూచీ మనది. 1883లో చాందా (ఇప్పటి చంద్రపూర్) రైల్వే ఒప్పందం మీద హైదరాబాద్‌లో జనం ప్రశ్నించారు. ముందు నిలిచిన అఘోరనాథ్ చటోపాధ్యాయను, అంటే సరోజినీ నాయుడు తండ్రిని, రాజ్యం నుంచే పంపించేశారు. 1930లో గానీ ప్రభుత్వం రైల్వేను కొనుక్కోలేదు. కాబట్టి ఆ గుమ్మటాల కింద రాయతు కట్టిన పన్ను కూడా ఉంది.

కాంక్రీటు_మక్తల్
"రైతు కట్టిన పన్ను" అని రాయబోయినవ్ గద. అయితే ఇంకా గట్టిగ అడగాలె మనం. పన్ను కట్టినోని ఆస్తి అది.

కోయిలకొండ_చదువరి
రైతే. వేలు జారింది.

నల్లగొండ_నర్సన్న
పన్ను మా నల్లగొండోళ్ళూ కట్టిన్రు, రైలు మాత్రం మా పట్నానికి రాలే. బెజవాడ లైను భువనగిరి, ఆలేరు మీదికెళ్ళి పోయింది. మాకు బీబీనగర్-నడికుడి లైను స్వతంత్రం వచ్చిన ఎన్నో ఏండ్లకు గానీ పడలే. అందుకే మాకు సికింద్రాబాదే పెద్ద దిక్కు. దాని ముఖం కూలగొట్టిన నాడు నేను అక్కడనే ఉన్న. జేసీబీ ఆగినంక ఒక ముసలామె కాళ్ళకు అడ్డమొచ్చిన ఇటుక ముక్క ఏరుకొని సంచిల వేసుకుంది. "ఏంజేస్తవ్ అవ్వా" అంటే "మా ఆయన మిలిట్రీకి పోయింది గీడికెళ్ళే" అన్నది.

టోకెన్_తాత
...ఇంకేం రాయాలె.

అలంపూర్_రోడ్
ఊరు పేరు చెప్పను, మా లైన్లనే ఒక చిన్న స్టేషన్. మంగళూరు పెంకులు, ముందు చెక్క జాలీ, వరండాల తాబేలు వీపు లెక్క నున్నగైన బెంచి. ఒక వారం సెలవుల పోయి వచ్చేసరికి నేలమట్టం. డబ్బా లెక్క కొత్తది లేపిన్రు. ఎండకాలం ఆ డబ్బాల కూసోలేక జనం బయట చింతచెట్టు కింద కూసుంటున్నరు. పెద్దయి పోతే పేపర్ల వస్తది. చిన్నయి పోతే ఎవరికీ తెల్వదు.

పాత_బొమ్మల_పెట్టె
అన్నా, ఆ బెంచి ఫోటో ఎవరి దగ్గరైనా ఉందా?

అలంపూర్_రోడ్
మా చిన్నాయన పెండ్లి ఫోటోల్ల ఒకటి ఉన్నది. కాలమంతా అటుకు ఎక్కిచ్చిన పెట్టెల ఉన్నది. తీసి పెడ్త.

బాదేపల్లి_శీను
మక్తలన్నా, ఒకటి అడుగుత. ఆర్‌సీసీ అన్నవ్, నూరేండ్లు దాటింది. ఇంకా ఎన్ని రోజులు నిలబడ్తది? కూలేటట్టుంది అని చెప్పి కూలగొడ్తరేమో అని అడుగుతున్న.

కాంక్రీటు_మక్తల్
భవనాన్ని పరీక్ష జేయకుంట ఇన్ని ఏండ్లు అని ఎవరు చెప్పినా నమ్మకు. కాంక్రీటుకు వచ్చే రోగం మాత్రం చెప్త. పగులుల నుంచి, మొక్క మొలిచిన చోట నుంచి నీళ్ళు లోపటికి దిగుతయి. చువ్వ తుప్పు పడ్తది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతది. ఉబ్బితే మీది కాంక్రీటును నెట్టేస్తది, పెచ్చు ఊడుతది. ఊడినంక ఇంకింత నీళ్ళు. అందుకే ఈ తీరు కట్టడాన్ని కాపాడుడు అంటే పైన రంగు వేసుడు కాదు. గుమ్మటం మీద వాన నీళ్ళు నిలవకుంట సూడాలె, గోడల మీద మొలిచిన రావి మొక్కను వేరుతోని తీయాలె, కేబుల్ కోసం డ్రిల్లు వేయకుంట ఆపాలె. పెచ్చు ఊడితే చువ్వ సాఫ్ జేసి మళ్ళ నింపాలె. సున్నం గోడను మన మేస్త్రీలు బాగు జేయగలరు, పాత కాంక్రీటుకు తెలిసినోడు కావాలె. ఖర్చు ఉన్నది, కానీ కూల్చి కట్టినంత కాదు.

ఇప్పుడు రాత్రిపూట దీపాలు పెట్టి మంచిగ కనబడేటట్టు జేసిన్రు. సంతోషం. అదే శ్రద్ధ మోరీ గొట్టాల మీద గూడ ఉంటే నా ప్రాణం నిమ్మళంగుంటది.

షాద్‌నగర్_డైలీ
మన లైను డబుల్ జేసి, కరెంటు పెట్టినప్పుడు, సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా 85 కిలోమీటర్లు, 1,400 కోట్ల పైన ఖర్చయింది. 2023 ఏప్రిల్‌ల జాతికి అంకితం అన్నరు. అంత పెట్టినోళ్ళకు గొట్టాలకు పైసలు లేకుంట పోవు. ఈసారి నేనూ మీ దిక్కే అడుగుత.

కాంక్రీటు_మక్తల్
అట్ల రా తమ్మీ. మాకు గూడ 2023 అక్టోబరు సంది కృష్ణ స్టేషన్ నుంచి కాచిగూడకు నేరుగా బండి వచ్చింది. మా మక్తల్ పిల్లలు ఇప్పుడిప్పుడే ఆ స్టేషన్‌ను సూస్తున్నరు. వాళ్ళు పెద్దయ్యేదాక అది ఉండాలె.

బాదేపల్లి_శీను
బిడ్డ ప్రాజెక్టు రాసుడు మొదలుపెట్టింది. పేరు "మా స్లాబుకు తాత". గోథిక్ అని ఒక చోట రాసి, గీత కొట్టి, పక్కన "మెదక్ పోయి సూడాలె" అని రాసుకుంది. ఈ శనివారం మళ్ళ కాచిగూడకు పోతున్నం, బొమ్మ గీయనీకి. తాతా, టోకెన్ రింగు గురించి పదిసార్లు అడిగింది. ఎట్లుంటదో నేను చేతులతోని సూపిస్తే నమ్ముతలేదు.

టోకెన్_తాత
మా నాయిన రింగు నా దగ్గరనే ఉన్నది. గుండు లేదు, అది సర్కారుది, అప్పగించినం. రింగూ తోలు సంచీ ఉన్నయి. శనివారం పొద్దున దేవరకద్రల ఎక్కుత. జడ్చర్లల మీరెక్కున్రి.

బాదేపల్లి_శీను
ఏ డబ్బల ఉంటరు తాతా?

టోకెన్_తాత
ఇంజన్ దిక్కు నుంచి రెండోది. కిటికీల నుంచి రింగు బయటికి సాపి పట్టుకుంట. బిడ్డను ప్లాట్‌ఫారం మీద పసుపు గీతకు ఇవతలనే నిలబెట్టు, బండి ఆగినంకనే చెయ్యి సాపమను.